వీపు మీద కప్పు పెట్టే ముందు: కప్పింగ్, గ్వా షా తొలిసారి చేసేవాళ్ళకు

పొద్దున ఆరు దాటాక ఇస్నాపూర్ చౌరస్తాలో కాసేపు నిలబడండి. పాశమైలారం ఫ్యాక్టరీల్లో నైట్ డ్యూటీ దిగినవాళ్ళు టీ కొట్ల ముందు గుంపులుగా కనిపిస్తారు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చెయ్యి నడుం మీద. రాత్రంతా 25 కిలోల బస్తాలు పేర్చినవాళ్ళు, 200 లీటర్ల డ్రమ్ములు దొర్లించినవాళ్ళు, ప్యాకింగ్ దగ్గర మెడ వంచుకుని ఎనిమిది గంటలు నిలబడ్డవాళ్ళు. "నడుం పట్టేసిందన్నా" అని ఒకరంటే, "కప్పింగ్ చేయించుకోరాదు, నొప్పంతా గుంజేస్తది" అని పక్కనున్నాయన అంటాడు. పటాన్‌చెరు, బొల్లారం, సంగారెడ్డి దాకా ఈ మాట ఇప్పుడు వినిపిస్తోంది. ఆన్‌లైన్‌లో పంపు కప్పుల డబ్బా తెప్పించుకుని, అద్దె గదుల్లో ఒకరి వీపు మీద ఒకరు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళను వద్దనడానికి ఇది రాయడం లేదు. పెట్టుకుంటే ఎలా పెట్టుకోవాలి, ఎవరు పెట్టుకోకూడదు, ఎక్కడ ఆగాలి అన్నది విడమరిచి చెప్పడానికి రాస్తున్నాను. కప్పు పెట్టడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎప్పుడు పెట్టకూడదో తెలియడమే అసలు విద్య.

ఏమిటీ వైద్యం?

చైనా వైద్యంలో కప్పు పెట్టడాన్ని "బా గ్వాన్" అంటారు. బా అంటే లాగడం, గ్వాన్ అంటే కూజా. గీకే వైద్యం పేరు "గ్వా షా". గ్వా అంటే గీకడం. గీకినప్పుడు చర్మం మీద ఇసుక చల్లినట్టు తేలే ఎర్రటి చుక్కలే షా. చైనాలో మావాంగ్‌దుయ్ అనే చోట క్రీ.పూ. 168లో మూసిన సమాధిని 1973లో తవ్వితే పట్టు గుడ్డ మీద రాసిన వైద్య గ్రంథం దొరికింది. అందులోనే కొమ్ముతో పీల్చే పద్ధతి ఉంది. అంటే ఈ వైద్యం వయసు రెండు వేల ఏళ్ళ పైమాటే.

మనకూ ఇది పరాయిది కాదు. సుశ్రుత సంహిత రక్తమోక్షణం గురించి చెబుతూ ఆవు కొమ్మును, సొరకాయ బుర్రను, జలగను సాధనాలుగా చెప్పింది. యునానీ వైద్యంలో ఇదే హిజామా. సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ వైపు ముస్లిం కుటుంబాల్లో చాంద్రమాసం 17, 19, 21 తేదీలు చూసుకుని హిజామా చేయించుకునే ఆనవాయితీ ఉంది. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న ప్రభుత్వ నిజామియా తిబ్బీ కళాశాల, మన ముంబై హైవే మీదుగానే వెళితే వచ్చే ఎర్రగడ్డలోని జాతీయ యునానీ చర్మవ్యాధుల పరిశోధన సంస్థ ఈ వైద్య సంప్రదాయానికి పెద్ద కేంద్రాలు. 2016లో రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఊదా రంగు గుండ్రటి మచ్చలు ప్రపంచమంతా చూసింది. అప్పటి నుంచి కుర్రకారులో కూడా మోజు పెరిగింది.

లోపల జరిగేదేమిటి?

కప్పులోని గాలి తీసేస్తే చర్మం, దాని కింది మెత్తటి పొర పైకి లేస్తాయి. అక్కడికి రక్తం చేరుతుంది. వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు కొన్ని చిట్లుతాయి. ఆ నెత్తురు చర్మం కింద పరుచుకోవడమే గుండ్రటి మచ్చ. దెబ్బ తగిలితే కమిలినట్టే ఇదీ ఒక కమిలిన మచ్చ. గ్వా షా ఎరుపు కూడా అంతే. మచ్చ నల్లగా వస్తే విషం ఎక్కువ ఉందనీ, చెడు రక్తం బయటపడిందనీ చెప్పేవాళ్ళను నమ్మకండి. గట్టిగా లాగినా, ఎక్కువసేపు ఉంచినా మచ్చ నల్లగానే వస్తుంది. ఒంట్లోని వ్యర్థాలను వడకట్టే పని మూత్రపిండాలది, కాలేయానిది. కప్పుది కాదు.

మరి హాయిగా ఎందుకుంటుంది? గ్వా షా చేసిన చోట చర్మంలో రక్తప్రసరణ కొన్ని నిమిషాలపాటు నాలుగు రెట్లు పెరిగిందని 2007లో 11 మంది మీద చేసిన చిన్న అధ్యయనం చూపింది. మెడ నొప్పి, నడుం నొప్పికి కప్పింగ్‌తో కొద్ది రోజుల ఉపశమనం దొరకవచ్చని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అవి చాలావరకు చిన్నవి, గట్టి రుజువనడానికి చాలవు. కాబట్టి బిగుసుకున్న కండకు కాస్త ఊరట అనుకోండి, చాలు. బీపీ తగ్గుతుంది, షుగర్ పోతుంది, పిల్లలు పుడతారు అనే బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకండి.

మొదటి మెట్టు: పెట్టుకోవచ్చా లేదా తేల్చుకోండి

డబ్బా విప్పే ముందే ఈ ప్రశ్నలు వేసుకోండి. ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా కప్పు వద్దు, గీకుడు వద్దు.

- జ్వరం ఉందా? వానలు మొదలయ్యాక మన దగ్గర డెంగీ వస్తుంది. అందులో ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులుంటాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అలాంటప్పుడు కప్పు పెడితే చర్మం కింద నెత్తురు ఆగకపోవచ్చు. జ్వరంతో కూడిన ఒళ్ళు నొప్పులకు ముందు రక్త పరీక్ష చేయించాలి.
- రక్తం పలచబరిచే గోలీలు వాడుతున్నారా? ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళకు సాధారణంగా ఇవి ఉంటాయి.
- నెత్తురు త్వరగా గడ్డకట్టని జబ్బు, బాగా రక్తహీనత, గుండెలో పేస్‌మేకర్, క్యాన్సర్ చికిత్స ఉన్నాయా?
- గర్భవతా? మనిషి చాలా ముసలివారా, చర్మం కాగితంలా పలచబడిందా?
- షుగర్ వల్ల స్పర్శ తగ్గిందా? పుండ్లు త్వరగా మానడం లేదా?
- ఆ చోట దద్దుర్లు, పుండు, కాలిన గాయం, పుట్టుమచ్చ, ఉబ్బిన నరాలు ఉన్నాయా? కెమికల్ ప్లాంట్లలో పనిచేసేవాళ్ళకు మెడ మీద, చేతుల మీద చర్మం ఎర్రబడి దురద పెట్టడం మామూలే. ఆ చర్మాన్ని ముట్టుకోకూడదు.

చిన్నపిల్లలకు ఇంట్లో అసలే చేయకండి. 2001లో "గ్వా షా" పేరుతో ఒక చైనా సినిమా వచ్చింది. అమెరికాలో ఉన్న తాత మనవడికి ప్రేమతో గ్వా షా చేస్తాడు. ఆ మచ్చలు చూసి, ఇంట్లో పిల్లాడిని కొడుతున్నారని అధికారులు అనుకుంటారు. పిల్లల లేత చర్మం మీద ఆ మచ్చలు అలా ఉంటాయి మరి.

ఇంకో మూడు మాటలు మన ప్రాంతం వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. చైనా పల్లెల్లో వడదెబ్బకు గీకే అలవాటు పాతది. మీరు ఆ పని చేయకండి. బాయిలర్ దగ్గరో, రేకుల షెడ్డులోనో మనిషికి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే నీడకు చేర్చి, తడి గుడ్డలతో చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయాలి. రెండోది, సాల్వెంట్ ఆవిరి పీల్చాక వచ్చిన తలనొప్పి, కళ్ళు తిరగడం. దానికి ముందు ఆ చోటు నుంచి బయటికి రావాలి, సేఫ్టీ ఆఫీసరుకు చెప్పాలి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మూడోది, ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు. అది కండ నొప్పి కాకపోవచ్చు. కప్పు కోసం వెతికే ఆ పది నిమిషాలే ప్రాణం మీదికి తెస్తాయి.

రెండో మెట్టు: సరంజామా

కప్పింగ్‌కు పంపుతో గాలి తీసే గట్టి ప్లాస్టిక్ కప్పులు, లేదా చేత్తో నొక్కి పెట్టే సిలికాన్ కప్పులు తీసుకోండి. అంచు నున్నగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. చిన్న పగులున్నా పక్కన పెట్టేయండి.

గ్వా షాకు జేడ్ రాయే కావాలని లేదు. చైనా ఇళ్ళలో పింగాణీ చెంచాతో చేస్తారు. మన ఇంట్లో మందపాటి చెంచా, లేదా అంచు గుండ్రంగా మడిచిన చిన్న స్టీలు డబ్బా మూత సరిపోతుంది. అరచేతి మీద గీసి చూసుకోండి. గుచ్చుకుంటే అది పనికిరాదు.

వీటితో పాటు కొబ్బరి నూనో నువ్వుల నూనో, శుభ్రమైన తువ్వాలు, సబ్బు, టైమర్ కోసం ఫోను. ఎవరి సెట్టు వాళ్ళకే ఉండాలి. గదిలో ఆరుగురు ఉంటే ఒకే కప్పు ఆరు వీపుల మీద తిరగకూడదు.

నిప్పుతో పెట్టే గాజు కప్పుల జోలికి పోకండి. చైనా వైద్యుడు స్పిరిట్‌లో ముంచిన దూదిని పటకారుతో పట్టుకుని వెలిగించి, గాజు కప్పులో క్షణంపాటు తిప్పి తీసి, ఆ కప్పును ఒంటికి అంటిస్తాడు. దానికి ఏళ్ళ సాధన కావాలి. గదిలో నూనె, స్పిరిట్, దుప్పట్లు, సాల్వెంట్ వాసన పట్టిన యూనిఫాం ఉన్నచోట మంట వెలిగిస్తే ఏమవుతుందో ఫ్యాక్టరీలో పనిచేసే మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మూడో మెట్టు: మనిషిని సిద్ధం చేయడం

వీక్లీ ఆఫ్ ముందు రోజు డ్యూటీ అయ్యాక చేసుకోండి. డ్యూటీకి పోయే ముందు వద్దు. కమిలిన చర్మం మీద చెమట, పౌడరు, రసాయనాలు పడితే మంట పుడుతుంది. ముందు స్నానం చేయాలి, ఒంటి మీద కెమికల్ జాడ ఉండకూడదు. ఏదైనా తిని గంట గడవాలి. ఖాళీ కడుపుతో చేస్తే కళ్ళు తిరగొచ్చు. గ్లాసుడు నీళ్ళు తాగి, చాప మీద బోర్లా పడుకోమనండి. మందు తాగి ఉన్న మనిషికి చేయకండి.

వీపు మీద మీ చేత్తో నెమ్మదిగా తడమండి. వెన్నెముకకు అటూ ఇటూ రెండు కండల వరసలుంటాయి. మెడ కింద నుంచి భుజం దాకా ఇంకో కండ ఉంటుంది. బస్తాలు మోసేవాళ్ళకు ఇక్కడే తాడులా బిగుసుకుని చేతికి తగులుతుంది. కప్పు అక్కడ పెట్టాలి. వెన్నెముక ఎముక మీద, మెడ ముందు పక్కల, చంకలో, మోకాలి వెనక పెట్టకూడదు.

నాలుగో మెట్టు: కప్పు పెట్టడం

1. చోటు మీద నాలుగు చుక్కల నూనె రాయండి. కప్పు బాగా అంటుకుంటుంది, చర్మం ఒరుసుకోదు.
2. తొలిసారి రెండే కప్పులు, నొప్పి ఉన్న చోట అటొకటి ఇటొకటి.
3. పంపు ఒకటి రెండు సార్లు మాత్రమే లాగండి. చర్మం చిన్న బొడిపెలా లేస్తే చాలు. గుంజినట్టు ఉండాలి గానీ నొప్పి పుట్టకూడదు.
4. ఫోనులో మూడు నిమిషాలకు టైమర్ పెట్టండి. తర్వాతి సార్లలో ఐదు నిమిషాల దాకా వెళ్ళొచ్చు. అనుభవం ఉన్నవాళ్ళు పది దాకా ఉంచుతారు, మనకు ఆ తొందర వద్దు.
5. ఆ మూడు నిమిషాలూ పక్కనే ఉండండి. "ఎట్లుంది?" అని అడుగుతూ ఉండండి. మంట, తిమ్మిరి, కళ్ళు తిరగడం ఏది చెప్పినా వెంటనే తీసేయండి.
6. తీసేటప్పుడు పైనున్న వాల్వు లేపితే గాలి లోపలికి పోయి కప్పు దానంతట అదే ఊడుతుంది. సిలికాన్ కప్పయితే అంచు పక్కన చర్మాన్ని వేలితో నొక్కండి. పట్టుకుని పీకకండి.

ఈ టైమర్ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మొదటిసారి మా తమ్ముడి భుజం మీద నేనే తప్పు చేశాను. ఇంకా పట్టాలని పంపు ఐదుసార్లు లాగాను. ఫోనులో మాట్లాడుతూ ఇరవై నిమిషాలు మరిచిపోయాను. కప్పు తీసేసరికి నేరేడు పండు రంగు మచ్చ, దాని నడుమ శనగగింజంత నీటి బొబ్బలు మూడు. వాడు వారం రోజులు బోర్లానే పడుకున్నాడు. నొప్పి తగ్గించబోయి కొత్త నొప్పి తెచ్చిపెట్టాను. ఎక్కువ లాగితే ఎక్కువ గుణమన్న భ్రమ నాకు ఆ రోజుతో పోయింది.

ఐదో మెట్టు: గీకడం

కప్పు పెట్టిన చోటే అదే రోజు గీకకండి. రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

1. నూనె ధారాళంగా రాయండి. పొడి చర్మం మీద గీకితే తోలు లేస్తుంది.
2. చెంచాను నిలువుగా పట్టకుండా, చర్మం మీదికి బాగా వంచి పట్టుకోండి.
3. మెడ కింద నుంచి భుజం వైపు, లేదా వీపు కండ వెంట పైనుంచి కిందికి, ఎప్పుడూ ఒకే దిశలో లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. ఒక్కో గీత జానెడు కంటే తక్కువే ఉండాలి.
4. ఒక చోట ఆరు నుంచి ఎనిమిది సార్లు చాలు. రొట్టె మీద వెన్న రాసినంత ఒత్తిడి పెట్టండి.
5. ఎర్రటి చుక్కలు తేలితే ఆ చోట ఆపేయండి. తేలకపోయినా ఎనిమిదితో ఆపండి. ఎరుపు రాలేదని గట్టిగా గీకడం తప్పు.
6. చర్మం చీరుకుని నెత్తురు కనిపించిందంటే మీరు హద్దు దాటారు. సబ్బు నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పండి.

ఆరో మెట్టు: తర్వాత జాగ్రత్తలు

నూనె తుడిచి వదులు చొక్కా వేసుకోండి. వెంటనే లేవకుండా ఐదు నిమిషాలు పడుకోండి. నీళ్ళు తాగండి. ఆ పూట మరీ వేడి నీళ్ళ స్నానం, ఆ చోట నొప్పి బామ్ వద్దు, చర్మం మండుతుంది. గ్వా షా ఎరుపు రెండు మూడు రోజుల్లో పోతుంది. కప్పు మచ్చకు వారం, ఒక్కోసారి రెండు వారాలు పట్టొచ్చు. పాత మచ్చ పూర్తిగా పోయేదాకా అదే చోట మళ్ళీ పెట్టకండి. బొబ్బ వస్తే చిదమకండి. అది ఎర్రబడి, చీము పట్టి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి.

కప్పులు, చెంచా సబ్బుతో కడిగి ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచి దాచండి. ఆ స్పిరిట్ సీసాను పొయ్యికి దూరంగా ఉంచండి. కప్పుకు నెత్తురు గానీ బొబ్బ నీరు గానీ అంటితే దాన్ని పారేయడమే మంచిది.

బ్లేడుతో నెత్తురు తీసే పద్ధతి

హిజామాలో కప్పు పెట్టి, చర్మం మీద చిన్న గాట్లు పెట్టి, మళ్ళీ కప్పు పెట్టి నెత్తురు తీస్తారు. ఇది ఇంట్లో ఎవరూ చేయకూడదు. వాడిన బ్లేడు, సరిగా శుద్ధి చేయని కప్పు ద్వారా హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి సోకవచ్చు. పదేపదే తీయిస్తే రక్తహీనత వస్తుంది. కప్పులో జెల్లీలా గడ్డకట్టింది చెడు రక్తమని చూపిస్తారు. ఒంట్లోంచి బయటికి వచ్చిన ఏ నెత్తురైనా అలాగే గడ్డకడుతుంది.

నమ్మకం కొద్దీ హిజామా చేయించుకునేవాళ్ళు ఈ నాలుగు చూడండి. చేసే మనిషికి బీయూఎంఎస్ వంటి యునానీ వైద్య పట్టా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? బ్లేడు మీ కళ్ళ ముందు కొత్త ప్యాకెట్ చించి తీశారా? కప్పు కొత్తదేనా, చేతికి గ్లవ్స్ ఉన్నాయా? మీరు వాడే గోలీల గురించి ముందే అడిగారా? ఈ నాలుగు అడగడానికి మొహమాటపడకండి. అడిగితే విసుక్కునే చోటు నుంచి లేచి రండి. చార్మినార్, ఎర్రగడ్డ ప్రభుత్వ సంస్థల ఓపీలో ముందు డాక్టరును కలిసి, మీ నొప్పికి ఇది అవసరమా అని అడగడం అన్నిటికంటే మంచి దారి.

ఎప్పుడు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

నొప్పి కాలిలోకి తీగలా పాకుతున్నా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, ఒంటికి రెంటికి పోవడం అదుపు తప్పినా, పడిపోయాక మొదలైన నొప్పి అయినా, రాత్రి పడుకున్నా తగ్గకపోయినా కప్పుతో కాలక్షేపం చేయకండి. రెండు సార్లు పెట్టుకున్నా గుణం లేకపోతే మూడోసారి అక్కర్లేదు.

చాలామంది కార్మికులు ఒక హక్కును మరిచిపోతున్నారు. నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్న కార్మికుడికి, కాంట్రాక్టు కింద పనిచేసినా సరే, ఈఎస్ఐ వర్తిస్తుంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. డాక్టరు విశ్రాంతి రాస్తే, చందా షరతులు నిండినవాళ్ళకు సగటు రోజు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా అనారోగ్య భృతి వస్తుంది. మీ జీతంలో చందా కోస్తున్నారో లేదో స్లిప్పులో చూసుకోండి. ఈఎస్ఐ ఇచ్చే ఐపీ నంబరు అడిగి రాసుకోండి.

అయితే చికిత్స ఒక్కటే చాలదు. ఎందుకంటే ఈ నడుం నొప్పికి మూలం చాలాసార్లు బస్తా ఎత్తే తీరులో ఉంటుంది. నడుం వంచి కాకుండా మోకాళ్ళు వంచి, బస్తాను ఒంటికి ఆనించి లేపండి. డ్రమ్ముకు ట్రాలీ అడగండి. గంటకోసారి రెండు నిమిషాలు మెడ, భుజాలు కదిలించండి. ఈ మూడూ మారకుండా ఎన్ని కప్పులు పెట్టినా సోమవారం డ్యూటీతో నొప్పి మళ్ళీ వచ్చేస్తుంది. కప్పు ఒక పూట ఊరట ఇస్తుంది. నడుమును నిలబెట్టేది ఎత్తే తీరు, విశ్రాంతి, వేళకు డాక్టరు. కప్పుల డబ్బా కొనే ముందు మీ ఐపీ నంబరు కనుక్కోండి.